పసుపంటిన మొదటి షీటు

నర్సీపట్నంలో ఒకప్పుడు శుభలేఖ అచ్చు వేయించాలంటే గంగులు ప్రెస్సుకే వెళ్లేవారు. దానికి బోర్డు ఉండేది, బోర్డు మీద ఏదో మంచి పేరే ఉండేది. కాని ఎండకీ వానకీ ఆ అక్షరాలు వెలిసిపోయాయి. అచ్చు వేసేవాడి బోర్డే చదవడానికి వీల్లేకుండా ఉందని ఊరంతా నవ్వుకునేది. గంగులూ నవ్వేవాడు. లోపల కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, గోడవారగా సీసపు అక్షరాల కేసులు నాలుగు, సిరా మరకల బల్ల ఒకటి, వీటన్నిటికీ పైన తలుపులమ్మ తల్లి పటం. అక్షరాలు కూర్చేదీ అతనే, మిషను తొక్కేదీ అతనే. భార్య గున్నమ్మ మధ్యాహ్నం ఇంటిపని ముగించుకుని వచ్చి తడి కాగితాలు ఆరబెట్టేది.

ఆ ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. ఏ పని వచ్చినా సరే, మిషను మీంచి దిగిన మొదటి మంచి కాగితానికి నాలుగు మూలలా పసుపు అద్ది అమ్మవారి పటం వెనకాల దోపేవాడు గంగులు. పెళ్లి శుభలేఖకైతే ఎవరైనా పసుపు పెడతారు. ఇతను చెరకు తూకం చీటీలకీ, సినిమా కరపత్రాలకీ, ఆఖరికి దినం కార్డులకీ కూడా పెట్టేవాడు. తునిలో తనకి పని నేర్పిన ముసలాయన అలాగే చేసేవాడట. మూడో రోజున ఆ కాగితాన్ని కిందికి దించి ఫైలుకి గుచ్చేవాడు. పాతికేళ్లుగా చేస్తున్న పని కాబట్టి దాని గురించి ఆలోచించేవాడు కాడు. చెయ్యి దానంతటదే పసుపు గిన్నెలోకి వెళ్లేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పసుపే కొంప ముంచింది. మునిగిన కొంప గంగులుది అయ్యుంటే ఈ కథకి ఇంత ఏడుపు ఉండేది కాదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి, కార్తీకమాసం. తూర్పు బెంగాలు నుంచి కాందిశీకులు లక్షల్లో వస్తున్నారనీ, వాళ్ల తిండికీ గుడ్డకీ డబ్బు కావాలనీ పేపర్లలో రోజూ రాస్తున్నారు. నవంబరు పదిహేను నుంచి కవరు మీద మామూలు స్టాంపుతోపాటు కాందిశీకుల కోసం ఇంకో ఐదు పైసల స్టాంపు కూడా అంటించాలని సర్కారు ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు వచ్చింది గాని స్టాంపులు రాలేదు. నాసిక్‌లో అచ్చయి, రైలెక్కి, బస్సెక్కి ఈ ఊరు చేరేసరికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పేవాడు లేడు. అందుకని, చేతిలో ఉన్న ఐదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపుల మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అన్న ఇంగ్లీషు మాటలు ఎక్కడికక్కడ కొట్టించుకుని అమ్ముకోమన్నారు. చిన్న కుటుంబం, చింత లేని కుటుంబం అని చూపించే బొమ్మ మీద ఇల్లూ వాకిలీ పోయినవాళ్ల పేరు పడిందన్నమాట.

కొత్తవీధిలో ఒక చిన్న పోస్టాఫీసు ఉండేది. దాని పోస్టుమాస్టరు సోమసుందరం గారు. నలభై ఏడేళ్ల మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. కవరు మీద స్టాంపు వంకరగా అంటిస్తే కిటికీలోంచే పిలిచి మళ్లీ అంటింపజేసేవాడు. ఆయన మొదట రబ్బరు స్టాంపు చేయించి రెండు షీట్లు కొట్టి చూశాడు. అక్షరాలు అలికినట్టు పడ్డాయి. ఆ అలుకుడు ఆయన కళ్లకి నచ్చలేదు. శనివారం పొద్దున్నే, కొండల మీంచి దిగిన మంచు ఇంకా విడవకముందే, మూడు వందల షీట్ల కట్ట చంకన పెట్టుకుని గంగులు ప్రెస్సుకి వచ్చాడు.

“గంగులూ, ఇవి ముప్పై వేల బిళ్లలు. ఒక్కోదాని మీదా రబ్బరు స్టాంపు కొట్టుకుంటూ కూర్చుంటే నా భుజం ఊడొస్తుంది. నువ్వయితే ముత్యాల్లా వేస్తావు. సోమవారం పొద్దున్న కిటికీ తెరిచేసరికి నాకు కావాలి.”

“రెండ్రోజులేటి బాబూ! ఇంగ్లీసు అచ్చరాలు నా కాడ మా సెడ్డ తక్కువండీ.”

“ఉన్నవాటితోనే కానీ. పూర్తయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటాను. కూర్చోవాలి కూడా, రూలు.”

గంగులు లెక్క వేసుకున్నాడు. ఒక షీటులో వంద బిళ్లలు. వందకీ ఒకేసారి అక్షరాలు కూర్చాలంటే జిల్లాలో ఉన్న సీసమంతా కావాలి. రెండు వరసలకి, అంటే ఇరవై బిళ్లలకి సరిపడా కూర్చి, ఒక్కో షీటునీ అయిదుసార్లు మిషనులోకి పంపాలి. దానికి కూడా పెద్ద ‘R’ నలభై కావాలి. కేసులో ముప్పై ఒకటే ఉన్నాయి. తక్కిన తొమ్మిదీ శుభలేఖల అక్షరాల్లోంచి తెచ్చి ఇరికించాడు. అవి పక్కవాటికంటే కాస్త లావు. సోమసుందరం గారు కళ్లజోడు సవరించుకుని చూసి, “బావుంది, పెళ్లివారిలో పొట్టివాళ్లూ లావువాళ్లూ ఉండరా ఏం” అన్నాడు.

మొదటి షీటు అయిదుసార్లూ లోపలికెళ్లి బయటికొచ్చింది. నల్లటి అక్షరాలు ప్రతి బిళ్ల మీదా తిన్నగా కూర్చున్నాయి. గంగులు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. తన పనికి తనే మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే చెయ్యి పసుపు గిన్నెలోకి వెళ్లింది. నాలుగు మూలలా నాలుగు బొట్లు అద్ది షీటుని అమ్మవారి పటం వెనకాల దోపాడు.

స్టూలు మీద కూర్చున్న సోమసుందరం గారు చూశాడు. చూసి నవ్వాడు.

“సర్కారు కాయితానికి కూడా పసుపేనయ్యా?”

“బోణీ కాయితం కదండీ బాబూ. తల్లి సూసుకుంతాది.”

“సరే, చూసుకోనీ” అన్నాడాయన. అన్నది అంతే. ఇద్దరూ పనిలో పడ్డారు.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియలేదు. షీటు వెనక జిగురు, ఆ చలికీ తేమకీ వేళ్లకి అతుక్కునేది. అందుకని గంగులు చేతులకి టాల్కం పౌడరు రాసుకునేవాడు. తొక్కి తొక్కి మోకాలు పట్టేసేది. ఒకదాని మీద ఒకటి పెడితే సిరా అంటుకుంటుందని గున్నమ్మ ప్రతి షీటునీ విడిగా పాత పేపర్ల మధ్య పరిచేది. సోమసుందరం గారు మధ్యాహ్నం ఇంటికి కూడా వెళ్లకుండా టిఫిను క్యారేజీ ప్రెస్సుకే తెప్పించుకునేవాడు. అందులో సగం గంగులుకి పెట్టేవాడు. పోస్టుమాస్టరు గారి ఇంటి వంకాయ కూర గురించి గంగులు తర్వాత చాలాకాలం మాట్లాడలేకపోయాడు.

ఆదివారం సాయంత్రం లెక్కపెడితే, చెడిపోయినవాటితో కలిపి రెండువందల తొంభై తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు. అంతే. మిషను కింద చూశారు, బల్ల కింద చూశారు, పాత పేపర్లన్నీ దులిపారు. ఇద్దరి కళ్లూ రెండు రోజుల పనితో మసకలు కమ్మి ఉన్నాయి. ఇద్దరికీ నెత్తి మీదున్న పటం గుర్తు రాలేదు.

“జిగురుకి రెండు అంటుకుపోయి ఉంటాయిలే. రేపు ఆఫీసులో విడదీసి చూస్తాను” అని కట్ట తీసుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన కాసేపటికి గున్నమ్మ దీపం పెట్టడానికి పటం దగ్గరికి వచ్చింది. పటం వెనక్కి చూసి గంగుల్ని పిలిచింది. గంగులు నెత్తి కొట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు.

“ఇప్పుడే ఇచ్చీసి రా” అంది గున్నమ్మ.

“ఒళ్లు ఇరిగిపోతంది. పొద్దున్నే ఎల్తాన్లే.”

ఇంతే. పోస్టుమాస్టరు గారి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. వెళ్లి రావడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంట బద్ధకాన్ని గంగులు ఆ తర్వాత తలుచుకోని రోజు లేదు.

సోమవారం పొద్దున్నే షీటుని పేపర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని బయల్దేరాడు. పోస్టాఫీసు ముందు జనం మూగి ఉన్నారు. కొత్త స్టాంపుల కోసం కాబోలనుకున్నాడు. దగ్గరికి వెళ్లాక గుమ్మంలో పోలీసు కానిస్టేబులు కనిపించాడు. లోపల ఒక ఇన్‌స్పెక్టరు, పోస్టల్ ఇన్‌స్పెక్టరే, కొత్త స్టాంపుల అమ్మకం ఎలా మొదలైందో చూడ్డానికి పొద్దున్న మొదటి బస్సుకే దిగాడట. దిగి కట్ట లెక్కపెట్టాడట. ఇలా ఊళ్లలో అచ్చు వేసినవాటిని పట్నాల్లో కొందరు ఎన్నో రెట్లు ఇచ్చి కొంటారని అప్పటికే పుకారు. ఆయన గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

“ఇది ఐదు రూపాయల సంగతి కాదండీ. సర్కారు స్టాంపులు. ఎవడి దగ్గర దొరికినా వాణ్ణి జైలుకి పంపిస్తాను.”

గంగులు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చొక్కా లోపల షీటు ఉంది. షీటు మీద పసుపు ఉంది. మరిచిపోయి పెట్టానంటే ఎవరు నమ్ముతారు? సర్కారు స్టాంపులకి పసుపు రాసి దేవుడి వెనకాల దాచావా అని అడిగితే నోరెలా పెగులుతుంది? ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్లు. జనం భుజాల మీంచి చూస్తే కిటికీ వెనక సోమసుందరం గారు నిలబడి ఉన్నాడు. ఆయన వీధి వైపు చూస్తున్నాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంది ఆ చూపు.

గంగులు వెనక్కి తిరిగాడు. ఎవరో తరుముతున్నట్టు సందుల్లో పడి ఇల్లు చేరాడు. ‘సద్దు మణిగాక సాయంత్రం ఇస్తాను’ అనుకున్నాడు. సాయంత్రానికి ‘రేపు’ అనుకున్నాడు. పిరికితనం ఎప్పుడూ తన పేరు తను చెప్పుకోదు కదా, రేపనే చెప్పుకుంటుంది.

పది రోజులకి విచారణ జరిగింది. గంగుల్ని పిలిపించారు. ఒక గదిలో బల్ల వెనక పైనుంచి వచ్చిన అధికారి, పక్కన కుర్చీలో సోమసుందరం గారు. ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు గాని గడ్డం మాసి ఉంది.

“నీ ప్రెస్సుకి వచ్చిన షీట్లన్నీ తిరిగి ఇచ్చేశావా?” అని అడిగాడు అధికారి.

సోమసుందరం గారు తల ఎత్తి గంగులు మొహంలోకి చూశాడు. కోపంగా చూడలేదు. బడిలో మాస్టరు, జవాబు తెలిసిన పిల్లాడి వైపు చూసినట్టు చూశాడు.

“ఇచ్చీసేనండీ. అన్నీ ఇచ్చీసేను” అన్నాడు గంగులు.

కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గంగులు సంతకం ఒకసారి తప్పు పెట్టి, కొట్టేసి మళ్లీ పెట్టాడు. పల్లెటూరి మనిషి, భయపడుతున్నాడని అధికారే జాలిపడ్డాడు. సోమసుందరం గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ని ఏమడిగినా ఒకటే జవాబు చెప్పాడట, షీట్లకి బాధ్యుణ్ణి నేను, నా అజాగ్రత్త అని.

ఆ అజాగ్రత్తకి ఆయన్ని సస్పెండు చేశారు. ఏడాదిన్నర విచారణ సాగింది. స్టాంపుల దొంగ అని వీధిలో పిల్లలు కూడా అనేవారు. పెళ్లిళ్లలో ఆయన పక్కన విస్తరి ఖాళీగా ఉండేది. చివరికి హోదా తగ్గించి, గుమాస్తాగా చేసి, ఏజెన్సీలో ఒక ఊరికి పంపేశారు. ఆయన సామానుతో చింతపల్లి బస్సెక్కిన రోజున గంగులు ప్రెస్సు తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు ఆ రోడ్డు మీదే వెళ్లింది. దాని చప్పుడు దూరమయ్యేదాకా కూర్చునే ఉన్నాడు.

అప్పటికి కాందిశీకుల పన్ను కూడా ఎత్తేశారు. ఆ స్టాంపులతో ఇక ఎవరికీ పని లేదు. ఏ కాగితం కోసం ఒక మనిషి బతుకు బుగ్గి అయిందో, ఆ కాగితం చిత్తు కాగితమైంది.

గంగులు దాన్ని చింపలేకపోయాడు. తగలబెడదామని రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లాడు. అమ్మవారి పసుపు ఉందని ఒకసారి, ఎప్పటికైనా ఇవ్వొచ్చని ఒకసారి వెనక్కి తెచ్చాడు. ఎవరూ వాడని అక్షరాల కేసు ఒకటి అడుగున ఉండేది. దాంట్లో పరిచిన అట్ట కింద దాచాడు. ఆ రోజునుంచి మొదటి కాగితానికి పసుపు పెట్టడం మానేశాడు. శుభలేఖల వాళ్లు పసుపేదని అడిగితే, “మీ ఇంటికాడ ఎట్టుకోండి” అనేవాడు. మాట పెళుసుగా వచ్చేది. అంతకుముందు నవ్వుతాలుగా ఉండే మనిషి ముడుచుకుపోయాడు. పని కూడా అలాగే అయింది. అక్షరాలు తప్పులు పడడం, సిరా అలికినట్టు రావడం. జనం మెల్లగా అనకాపల్లి వెళ్లి వేయించుకోవడం మొదలుపెట్టారు.

అతనికి ఊపిరి పీల్చుకోవడానికి ఒకే ఒక్క సందు మిగిలింది. ‘ఆ బాబుకి పసుపు సంగతి గుర్తు నేదు. గుర్తుంటే ఆ రోజే సెప్పీవోరు గదా. జిగురుకి పోయిందనే అనుకున్నారు. నన్ను అనుమానించనేదు.’ రోజూ ఈ మాట తనకి తను చెప్పుకునేవాడు. తను ఒక మంచివాణ్ణి ముంచాడు, నిజమే. కాని ఆ మంచివాడికి తెలియకుండా ముంచాడు. తెలిసి ఆయన తనని అసహ్యించుకుంటూ ఎక్కడో బతుకుతున్నాడన్న ఊహ మాత్రం అతను భరించలేడు. ఆ ఒక్క నమ్మకం మీదే పదమూడేళ్లు అన్నం తిన్నాడు.

ఎనభై నాలుగులో, చలి మొదలయ్యే రోజుల్లో, విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పాత స్టాంపులు కూడబెట్టే వ్యాపారి. జేబులోంచి చిన్న కవరు తీసి, దాంట్లోంచి చిన్న పట్టకారుతో ఒక బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈ లావు ‘R’ మీదే కదండీ? ఇలాంటివి ఇంకెక్కడా లేవు. ఈ ఊళ్లో అచ్చయ్యాయని తెలుసుకునేసరికి నాకు రెండేళ్లు పట్టింది. విడి బిళ్లలు నాలుగైదు దొరికాయి గాని షీటు దొరకలేదు. పూర్తి షీటు ఎవరి దగ్గరైనా ఉంటే రెండు వేలిస్తాను.”

గంగులు ఆ బిళ్ల వైపు చూడలేక చూశాడు. తన చేతిపనే. పదమూడేళ్లయినా నలుపు తగ్గలేదు.

“నా కాడేటీ నేవండీ” అన్నాడు.

“అప్పటి పోస్టుమాస్టరు గారు రిటైరై యలమంచిలిలో ఉంటున్నారని విన్నాను. ఆయన్నే అడిగి చూస్తాను” అని తన చిరునామా రాసి ఇచ్చి వ్యాపారి వెళ్లిపోయాడు.

గున్నమ్మ మూలన కూర్చుని అంతా వింటోంది. ఆమె ఈ పదమూడేళ్లలో ఆ షీటు మాట ఎత్తలేదు. ఇప్పుడు లేచి వచ్చి అడుగు కేసు లాగింది, అట్ట ఎత్తింది, షీటుని తీసి మొగుడి చేతిలో పెట్టింది.

“ఇచ్చీసి రా” అంది. “బేగెల్లు. ఆ మనిసి ఎల్లి ఆ బాబుని స్టాంపులని అడిగితే, ఆయన పేణం ఏటైపోద్దో.”

మర్నాడు పొద్దున్నే గంగులు యలమంచిలి బస్సెక్కాడు. షీటుని రెండు అట్టల మధ్య పెట్టి గుడ్డ సంచిలో వేసుకున్నాడు. కిటికీ అవతల చెరకు తోటలు, జీడి తోటలు పోతున్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. కాళ్ల మీద పడతాను. కొట్టమంటాను. పైవాళ్ల దగ్గరికి రమ్మంటే వస్తాను, జైలైతే జైలు. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయిపోయాయి, ఇక భయం దేనికి. పదమూడేళ్లలో మొదటిసారి అతనికి కాస్త తేలిగ్గా అనిపించింది.

అక్కడి పోస్టాఫీసులో అడిగితే ఇల్లు చెప్పారు, రైల్వే స్టేషను వెనక వీధిలో పెంకుటిల్లు. తలుపు తీసినావిడ లలితాంబ గారు, సోమసుందరం గారి భార్య. నుదుట బొట్టు లేదు. గంగులు గుమ్మంలోనే నిలబడిపోయాడు. కూర్చుకున్న మాటలన్నీ బోర్లా పడ్డ టైపు కేసులా చెదిరిపోయాయి.

“ఎవరు కావాలి బాబూ?”

“నానండీ అమ్మగారూ... గంగుల్ని. నర్సీపట్నం పెస్సు గంగుల్ని.”

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. కోపం తెచ్చుకోలేదు. లోపలికి రమ్మని చాప వేసింది.

“ఆషాఢంలో పోయారు. ఏజెన్సీలో పట్టుకున్న జ్వరం, ఏడాదికోసారి తిరగబెడుతూనే ఉండేది. ఈసారి తీసుకుపోయింది” అంది.

గంగులు సంచిలోంచి అట్టలు తీశాడు. షీటుని చాప మీద పరిచాడు. పసుపు బొట్లు నాలుగూ గోధుమరంగుకి తిరిగాయి.

“ఇది... నా కాడే ఉండిపోనాదండీ. బాబుకి తెల్దు. నాను సెప్పనేదు. ఆయనకి తెల్దండీ.”

“తెలుసు” అంది లలితాంబ.

గంగులు తలెత్తాడు.

“ఆ ఆదివారం రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి నవ్వారు. ‘షీటెక్కడుందో గుర్తొచ్చిందే, అమ్మవారి దగ్గరుంది. పసుపు పెడుతుంటే చూస్తూ కూర్చున్నాను, నా మతిమరుపు మండ! రేపు పొద్దున్నే గంగులు పట్టుకొస్తాడు’ అన్నారు. పొద్దున్న ఆ ఇన్‌స్పెక్టరు వచ్చాక కూడా వీధిలోకే చూస్తూ నిలబడ్డారట, నువ్వొస్తావని. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భయపడి ఉంటాడు, రేపొస్తాడన్నారు.”

“మరి... మరి సెప్పీవచ్చు గదండీ. నా పేరు సెప్పీవచ్చు గదా.”

“నేనూ అదే మొత్తుకున్నాను. ‘నేను చెబితే వాడు దొంగవుతాడు. వాడే తెస్తే ఇద్దరం బయటపడతాం. పసుపు పెడుతుంటే నవ్వుతూ ఊరుకున్నది నేను, తప్పు నాది కూడాను’ అన్నారు. విచారణ రోజున కూడా నువ్వు చెబుతావనే వెళ్లారు. నువ్వు ఇచ్చేశానని సంతకం పెట్టాక ఇంక నోరు మూసుకున్నారు. అప్పుడు చెబితే నీకు జైలు తప్పదని.”

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. మడతల దగ్గర చిరుగుపట్టిన ఒక కాగితం తెచ్చి గంగులు చేతికిచ్చింది.

“ఎప్పుడొచ్చినా నీకివ్వమన్నారు.”

సోమసుందరం గారి గుండ్రటి అక్షరాలు. ‘ప్రెస్సులో అచ్చయిన షీట్లలో ఒకటి నా పొరపాటువల్ల అక్కడ ఉండిపోగా, గంగులు తనంతట తానే తెచ్చి అప్పగించినాడు. షీటు ముట్టినది. ఈ విషయంలో అతని తప్పు ఏమీ లేదు.’ కింద సంతకం, దాని కింద తేదీ. పదిహేనో తారీఖు, నవంబరు, డెబ్బై ఒకటి.

“ఆ సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లబోయే ముందు రాసి జేబులో పెట్టుకున్నారు. రేపెవరైనా లెక్క అడిగితే నీకు మాట రాకుండా, నువ్వు గుమ్మంలోకి రాగానే ఇద్దామని” అంది.

గంగులు ఆ తేదీని మళ్లీ చదివాడు. కానిస్టేబులు నిలబడ్డ గుమ్మం కళ్లముందుకి వచ్చింది. ఆ గుమ్మానికి తను పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. పది అడుగులవతల, ఆ ఇస్త్రీ చొక్కా జేబులో, రెండు పెన్నుల పక్కన, ఈ కాగితం ఉంది. అతను ఏడవడానికి ప్రయత్నించాడు. ఏడుపు కూడా రాలేదు. ఆయనకి తెలియదన్న ఆ ఒక్క సందూ మూసుకుపోయింది.

చివరికి షీటుని రెండు చేతులా ఎత్తి ఆవిడ ముందు పెట్టాడు.

“తీసుకోండమ్మగారూ. ఇప్పుడైనా తీసుకోండి.”

లలితాంబ ఆ పసుపు బొట్ల వైపు చూసింది.

“తీసుకోవలసిన మనిషి లేరు. పసుపు పెట్టిన కాయితం నేనేం చేసుకోను నాయనా? నువ్వే తీసుకెళ్లు” అని షీటుని అతని వైపు నెట్టింది.

సాయంత్రం బస్సులో గంగులు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒడిలో సంచి, సంచిలో షీటు. షీటు ముట్టిందన్న రసీదు చొక్కా జేబులో ఉంది.